చిలుము రంగు ఆకాశం

ఫిబ్రవరి 11

నిన్న నత్సుయె పోయిన నలభై తొమ్మిదో రోజు తంతు అయింది. బౌద్ధ గురువు వచ్చి సూత్రాలు చదివి, టీ తాగి, తన మోకాళ్ళ నొప్పుల గురించి చెప్పి వెళ్ళాడు. దహనం తర్వాత ఏరిన ఎముకల కుండ ఇంకా ఇంట్లోనే ఉంది.

ఇకుయో వదిన వెళ్తూ చెప్పుల దగ్గర ఆగింది. మాస్టారూ, ఒక్క చిన్న ఎముక ఇవ్వండి, మా ఊళ్ళో సమాధిలో అమ్మా నాన్నల పక్కన పెట్టుకుంటాం అంది. అందరూ పంచుకునేదే, కొత్తేం కాదు అంది. ఇవ్వనన్నాను. నత్సుయెని ముక్కలు చెయ్యను. మా చెల్లికి ఈ కెమిస్ట్రీ మొహం తప్ప ఇంకెవరూ దొరకలేదా అని ఆ రోజే అనుకున్నాను, అని గొణుక్కుంటూ చెప్పులేసుకుంది. వీధి చివరిదాకా గొడుగు పట్టాను.

ఫిబ్రవరి 12

అన్నం ఎక్కువైంది. మళ్ళీ.

ఫిబ్రవరి 20

ఫోన్. హిబినో అట. డిస్కులు అమ్మే కంపెనీ. కుర్ర గొంతు. "తిరుగు ఓడ" సినిమాకి ఈ ఏడాదికి ముప్పై ఏళ్ళండీ, కొత్తగా శుభ్రం చేసి డిస్కులుగా పెద్ద పెట్టెలో వేస్తున్నాం, నత్సుయె గారితో ఒక్కసారి మాట్లాడొచ్చా అన్నాడు.

కుదరదన్నాను.

పోనీ ఎప్పుడు చెయ్యమంటారు అన్నాడు.

డిసెంబరులో పోయిందని చెప్పాను. అటువైపు కుర్చీ కిర్రుమంది. లేచి నిలబడి ఉంటాడు. ఫోన్‌కే వంగి ఉంటాడు.

అసలు సంగతి తర్వాత చెప్పాడు. సినిమా హాల్లో ఆడిన ప్రింట్ ఒకటి మీ ఇంట్లో ఉందని విన్నాం అన్నాడు. ఆలోచిస్తానన్నాను.

ఫిబ్రవరి 22

అల్మరా తీశాను. పరుపుల వెనక రేకు డబ్బాలు. మూత తియ్యగానే వెనిగర్ వాసన. నేను బళ్ళో ఏళ్ళ తరబడి పాఠం చెప్పిన ఎసిటిక్ యాసిడ్ నా పడకగదిలో తయారవుతోంది. ఈ ఫిల్మ్ తనను తానే తినేస్తుంది. ఆపలేం. నెమ్మది చెయ్యగలం, అంతే.

ఆ యానిమేషన్ సినిమాకి బ్యాక్‌గ్రౌండ్లు వేసింది నత్సుయె. బొమ్మల వెనక కనిపించే ఊరు, సముద్రం, ఆకాశం అన్నీ. అప్పటికి మాకు పెళ్ళై రెండేళ్ళు. స్టూడియోలోనే బల్ల కింద పడుకుని వచ్చేది. జుట్టులో రంగు. సినిమా రెండు వారాలు ఆడింది, పోయింది. స్టూడియో కూడా పోయింది. చెత్తకుప్ప మీద పారేసిన ప్రింట్‌ని టాక్సీలో ఇంటికి తెచ్చింది. ఏమిటిది అన్నాను. నా ఆకాశం అంది. టాక్సీ డ్రైవర్ డబ్బాలు మోస్తూ, అమ్మా మీ ఆకాశం చాలా బరువుగా ఉందమ్మా అన్నాడు.

కథ పెద్దదేం కాదు. వేరే గ్రహం మీద ఒక రేవు. అక్కడ చిక్కుకుపోయిన కొంతమంది. ఇంటికి తీసుకెళ్ళే ఓడ కోసం ఎదురుచూపు. గంటన్నర సేపు ఆకాశం చిలుము రంగులో ఉంటుంది, తోమని రాగి పాత్ర మీద పట్టే ఆకుపచ్చ. ఆఖరి షాట్‌లో ఓడ తలుపు తెరుచుకుంటుంది. బయట నీలం. ఒక్క మాట ఉండదు, సంగీతం ఉండదు. నీలం ఒక్కటే. అంటే ఇల్లు చేరారు.

రెండేళ్ళ తర్వాత వీడియో టేపు వచ్చింది. టేపు తయారుచేసిన చోట ఎవరో ఆకుపచ్చ ఆకాశం చూసి, ప్రింట్ పాడైందనుకుని, శ్రద్ధగా నీలం చేసేశాడు. మనిషి మంచివాడే అయి ఉంటాడు. పని కూడా చక్కగానే చేశాడు. ఆ దెబ్బకి సినిమాలో వాళ్ళ మొహాలు తాగినవాళ్ళలా ఎర్రబడ్డాయి. మొదటి నిమిషం నుంచే ఆకాశం నీలం అయ్యేసరికి ఆఖరి షాట్‌కి అర్థం లేకుండా పోయింది. వాళ్ళు ఎక్కడికీ వెళ్ళలేదు. తలుపు తీశారు, అంతే.

నత్సుయె మూడు నిమిషాలు చూసి టీవీ కట్టేసి బియ్యం కడగడానికి వెళ్ళింది. కంపెనీకి ఉత్తరం రాస్తే, మీ విలువైన అభిప్రాయానికి ధన్యవాదాలు అని వచ్చింది. లేజర్ డిస్క్‌లో నీలం. డీవీడీలో నీలం. ప్రతిసారీ కొనేది. ప్రతిసారీ, మళ్ళీ నీలమే, అని నవ్వేది. ఆ నవ్వు నాకు నచ్చేది కాదు.

మార్చి 3

హిబినో వచ్చాడు. తేనె కేకు తెచ్చాడు. ఫోటో ముందు అగరొత్తి వెలిగించి, ఉండాల్సిన దానికన్నా ఎక్కువసేపు కూర్చున్నాడు. చెడ్డవాడు కాదు. సాక్సు బొటనవేలి దగ్గర చిరిగింది, కనిపించకుండా కాలు మడుచుకున్నాడు.

ప్రింట్ దేనికని అడిగాను. నెగెటివ్ మా దగ్గరుంది, కానీ అసలు రంగులు ఎలా ఉండేవో చెప్పేవాళ్ళెవరూ మిగల్లేదు, మీ ప్రింటే సాక్ష్యం అన్నాడు. సాక్ష్యం అన్న మాట నాకు నచ్చింది. అయితే ఆకాశం ఆకుపచ్చగా వేస్తారా అన్నాను. ఆకుపచ్చా అన్నాడు. పెట్టి చూసుకో అన్నాను.

డబ్బాలు కిందకి దించుతుంటే, మామియా గారూ, మీరు వదిలెయ్యండి, నేను మోస్తాను అన్నాడు. సగం సగం మోశాం.

ఏప్రిల్ 19

ల్యాబ్‌కి పిలిచారు. చీకటి గది, పెద్ద తెర, బటన్ల బల్ల. బల్ల ముందు కుగా అనే ఆమె. నలభై ఉంటాయి. రంగులు దిద్దేది ఆమే. ప్రింట్ చూపించింది, పక్కన నెగెటివ్ నుంచి తీసిన బొమ్మ. ప్రింట్‌ని బట్టి ఒక రీల్ దిద్దిందట, అదీ చూపించింది.

చిలుము రంగు. ముప్పై ఏళ్ళ తర్వాత తెర మీద.

ఆవిడే మాట్లాడింది. మామియా గారూ, చిన్నప్పుడు ఈ టేపు అరిగిపోయేదాకా చూశాను, మా అన్నయ్య తిట్టేవాడు, ఆ సినిమా చూసే ఈ పనిలోకొచ్చాను అంది. అంటే ఇన్నేళ్ళూ నేను చూసింది తప్పు సినిమా అన్నమాట, అంది. కోపంగా. కోపం నా మీదే ఉన్నట్టుంది. ఆఖరి షాట్ వెయ్యమంటారా అని అడిగింది. వెయ్యమన్నాను. వేసి, లైట్లు వెంటనే వెయ్యలేదు. మర్యాద తెలిసిన మనిషి.

హిబినో మాత్రం ఫోన్‌లో ఏదో టైపు చేస్తూ కూర్చున్నాడు.

మే 9

హిబినో ఫోన్. ఆకాశం నీలమేనట. సమితి ఒప్పుకోలేదట. సినిమా హక్కులన్నీ ఆ కంపెనీల సమితివి.

సమితిని చూడాలన్నాను. అలా ఎవరూ రారండీ అన్నాడు. అయితే నేను మొదటివాణ్ణి అన్నాను.

మే 24

వెళ్ళాను. సూటు బిగుతైపోయింది. పొడుగు బల్ల, మనిషికో నీళ్ళ సీసా. టీవీ ఛానెల్ ఆయన, ఆటబొమ్మల కంపెనీ ఆయన, పుస్తకాల కంపెనీ ఆవిడ, ఇంకా ఒకరిద్దరు. అందరూ లేచి వంగారు. నత్సుయె గారు పోయినందుకు మా ప్రగాఢ సానుభూతి అన్నారు. సరే అన్నాను.

టీవీ ఆయన, జనం టేపులో చూసి ప్రేమించిన సినిమా ఇది మాస్టారూ, వాళ్ళ జ్ఞాపకంలో ఆకాశం నీలం, మనం జ్ఞాపకాన్ని అమ్ముతున్నాం అన్నాడు. బొమ్మల ఆయన మరీ సూటి. ఆకుపచ్చగా ఉంటే డిస్క్ పాడైందని తిప్పి పంపిస్తారండీ, మా ఆవిడే పంపిస్తుంది అన్నాడు. నవ్వారు.

పుస్తకాల ఆవిడ ఇంకో మాటంది. ఆ ముగింపు అర్థం కాకపోవడమే దాని అందం, వాళ్ళు నిజంగా ఇల్లు చేరారా లేక అదంతా కలా అని మా దగ్గర రెండు పుస్తకాలొచ్చాయి అంది.

చేరారు అన్నాను. అది కల కాదు, టేపు తప్పు.

ప్రింట్ పాతబడి ఆకుపచ్చగా మారి ఉండొచ్చు కదా అన్నాడు టీవీ ఆయన. పాతబడితే ఎర్రబారుతుంది, ఆకుపచ్చగా మారదు అన్నాను. పైగా ఆ గ్రహం మీద ఆకాశం నీలంగా ఎందుకుండాలి, మీలో ఎవరైనా వెళ్ళొచ్చారా అన్నాను. ఈసారి ఎవరూ నవ్వలేదు. పదవ తరగతిలో వెనక బెంచీ వాళ్ళని చూసినట్టు చూశాను. అలవాటు.

చాలా కృతజ్ఞతలు మాస్టారూ అన్నారు. లిఫ్ట్ దాకా వచ్చి వంగారు. తలుపులు మూసుకునేదాకా వంగే ఉన్నారు. ఆకాశం మాత్రం నీలమే.

జూన్ 8

పెట్టెలో పెట్టే చిన్న పుస్తకానికి నన్ను ఒక పేజీ రాయమన్నారు. కళాకారిణి జ్ఞాపకాలట. సగం పేజీ రాశాను. ఆకాశం ఏ రంగు, ఎందుకు, ఎవరు మార్చారు. అంతే.

జూన్ 27

అచ్చుకి వెళ్ళే ముందు చూడమని పంపారు. నా సగం పేజీలో మూడు వాక్యాలు మిగిలాయి. ఆమె కష్టపడి పనిచేసేదట, నవ్వుతూ ఉండేదట. నేను ఆ మాట రాయలేదు.

నా పేరు తీసెయ్యమని ఫోన్ చేశాను. పేజీ మొత్తం తీసేశారు. నయం.

జూలై 14

ఎండ. ఫ్యాన్ నా వైపు తిప్పుకుంటున్నాను, ఇక పంచుకోవాల్సిన పని లేదు.

హిబినో వచ్చాడు. ఈసారి కేకు లేదు. చెమట తుడుచుకుంటూ, మామియా గారూ, మీరు కూర్చోండి, నేను నిలబడే చెప్తాను అన్నాడు. అప్పుడే అర్థమైంది, చెడ్డ కబురని.

మొదటి మూడు వేల పెట్టెల్లో కానుకగా ఒక్కో ఫిల్మ్ ముక్క పెడతారట. అసలైన ప్రింట్ నుంచి కత్తిరించిన అయిదేసి ఫ్రేములు. అభిమానులకి ప్రాణమట, దానికోసమే కొంటారట. ఏ ప్రింట్ అని అడిగాను. నేల చూశాడు.

సాక్ష్యం అన్నావు కదా అన్నాను. దాంతో పని అయిపోయింది కదండీ అన్నాడు. అని నాలుక కరుచుకున్నాడు. సమితి లాయర్ల లెక్కలో ప్రింట్ కూడా సమితి ఆస్తేనట. చెత్తకుప్ప మీద ఉన్నప్పుడు సమితి ఎక్కడుంది అన్నాను. నేనప్పటికి పుట్టలేదండీ అన్నాడు పాపం.

పొమ్మన్నాను. గొడుగు మరిచిపోయాడు. వీధిలోకి వెళ్ళి ఇచ్చి వచ్చాను. ఇచ్చేటప్పుడు కూడా ప్రింట్ ఇవ్వననే చెప్పాను.

జూలై 15

ల్యాబ్‌కి ఫోన్ చేశాను. కుగా ఎత్తింది. ప్రింట్ ఎక్కడుందని అడిగాను. నా బల్ల పక్కనే అంది. కత్తిరిస్తారట అన్నాను. ఇంటి దగ్గర ఉంటారా అని అడిగింది.

సాయంత్రం తన వ్యాన్‌లో డబ్బాలన్నీ వేసుకొచ్చింది. నీ ఉద్యోగం అన్నాను. ఇంటివాళ్ళు అడిగితే ఇచ్చేశానంటాను, అరువు తెచ్చుకున్నది తిరిగి ఇవ్వడం నేరమా అంది. బార్లీ టీ రెండు గ్లాసులు తాగింది. రెండో గ్లాసు ఇవ్వాలని నాకు తోచలేదు, ఆవిడే అడిగింది.

జూలై 30

కంపెనీ ఉత్తరం, ప్రింట్ తిరిగి ఇమ్మని. చాలా మర్యాదగా ఉంది. చించలేదు. దాని వెనక సరుకులు రాసుకున్నాను.

ఆగస్టు 14

నత్సుయె పోయాక మొదటి బోన్, పోయినవాళ్ళు ఇంటికొచ్చే పండగ. ఇకుయో వదిన మధ్యాహ్నం దిగింది, చేతిలో పుచ్చకాయ. ఇంకా నా మీద కోపమే. ఫోటోతో మాట్లాడింది, నాతో కాదు. చూడవే, మీ ఆయన మళ్ళీ నూడుల్సే వండాడు అంది. తిన్నది మాత్రం అంతా.

అల్మరాలో పరుపు తియ్యబోయి, ఏమిటీ కంపు, ఊరగాయ పడేశారా అంది. చెప్పాను. మొత్తం చెప్పాను, సమితి, నీలం, కత్తిరింపు. వదిన వింటూ పుచ్చకాయ గింజలు ఏరుతూనే ఉంది.

చివరికి అంది. అయితే మాస్టారూ, అది ఎన్నాళ్ళుంటుంది. నిజం చెప్పాను. ఇప్పటికే మొదటి రీల్ అంచులు వంకర పోయాయి. కొన్నేళ్ళు. ఆ తర్వాత ఏ యంత్రంలోనూ తిరగదు. ఇంకొన్నేళ్ళకి జిగురు ముద్ద.

మీరు పోయాక ఎవరు చూస్తారు అంది. మీరు ఉండగా మాత్రం ఎవరు చూస్తున్నారు. పరుపుల వెనక పెట్టుకుంటే అది ఆకాశం ఎలా అవుతుందండీ. ఇరవై రోజులు నిద్ర లేకుండా వేసింది మా చెల్లి, ఊరగాయ పెట్టుకోవడానికా అంది.

ఎముకా ఇవ్వరు, ఇదీ ఇవ్వరు అంది. మీ చేతికి వచ్చింది ఏదీ బయటికి పోదు.

గిన్నెలు కడిగాను.

ఆగస్టు 15

వదిన బండెక్కింది. వచ్చేటప్పుడు నడిచి వచ్చాను.

మూడు వేల పెట్టెలు. పెట్టె తెరిచిన ప్రతివాడూ మొదట ఆ ముక్కనే తీసి వెలుతురుకి పెట్టి చూస్తాడు. చేతిలో చిలుము రంగు. తర్వాత డిస్క్ వేస్తాడు. తెర మీద నీలం.

నా సగం పేజీ తీసేశారు. మూడు వేల ముక్కల్ని తియ్యలేరు. వాళ్ళే పెడుతున్నారు. వాళ్ళ కానుక.

ఆగస్టు 16

హిబినోకి ఫోన్ చేశాను. తీసుకో అన్నాను. ఊపిరి పీల్చుకున్నాడు, వినిపించింది. రెండు షరతులు. ఏ ముక్కలు కత్తిరించాలో నేనే ఏరతాను. ఆఖరి రీల్ ఇవ్వను. అంతేనా అన్నాడు. అంతే. మామియా గారూ, ఎలా కృతజ్ఞతలు చెప్పాలో అన్నాడు. తొందరపడకు అన్నాను.

ఆగస్టు 23

హిబినో కొంచెం తెలివైనవాడే. ముక్కతో పాటు ఒక చీటీ పెడతారట. కాలం గడిచినందువల్ల ఫిల్మ్ రంగు మారి ఉండవచ్చు, గమనించగలరు, అని.

రెండు గంటలు కోపంగా కూర్చున్నాను. తర్వాత కుగాకి ఫోన్ చేశాను. విని, తెల్లది ఏరండి అంది. అర్థం కాలేదు. రేవులో ఆరేసిన దుప్పట్లు, తెల్ల పక్షులు, మేడ మీద నిలబడే పిల్ల చొక్కా. పక్కన తెలుపు తెల్లగా ఉంటే, ఆకాశం ఒక్కటే ఎలా పాడవుతుంది. చీటీ ఏం రాసినా కళ్ళున్నవాడికి తెలుస్తుంది అంది.

నేను కెమిస్ట్రీ మాస్టారిని. నాకే తట్టాల్సింది.

సెప్టెంబర్ 6

కత్తిరించాం. కంపెనీ మీటింగ్ గది, తెల్ల చేతి తొడుగులు. నేనూ, కుగా, పార్ట్‌టైమ్ అమ్మాయిలు ఇద్దరు. కుగా సెలవు పెట్టి వచ్చింది. కింద లైటు ఉన్న బల్ల మీద రీల్ పరిచి, దుప్పట్ల దృశ్యం, పక్షుల దృశ్యం, మేడ మీద పిల్ల నిలబడే దృశ్యం. గది అంతా వెనిగర్. ఒక అమ్మాయి, ఈ వాసనకి సుషీ తినాలనిపిస్తోంది సార్ అంది. కుగా పగలబడి నవ్వింది. నేనూ నవ్వాను. డిసెంబరు తర్వాత ఇదే మొదటిసారి అనుకుంటా.

మొదటి కత్తెర నేనే వేశాను.

వదిన ఎముక అడిగితే ఇవ్వలేదు. దీన్ని మూడు వేల ముక్కలు చేశాను. రెండూ ఒకటి కాదు. ఎముకలు నావి. ఆకాశం నత్సుయె ఇంట్లో దాచుకోవడానికి వెయ్యలేదు.

హిబినో మధ్యలో వచ్చి ఒక ముక్క లైటుకి పెట్టి చూశాడు. చాలాసేపు. అందులో దుప్పటి ఉంది. నా వైపు చూశాడు. నేను అతని వైపు చూశాను. బాగా ఏరారండీ అన్నాడు. ముక్క జాగ్రత్తగా కవర్‌లో పెట్టి వెళ్ళిపోయాడు. సాక్సు కొత్తవి.

సెప్టెంబర్ 7

చేతులు ఇంకా వాసన. కడుక్కోలేదు.

అక్టోబర్ 26

ఈ రోజు విడుదల. నేను కొనలేదు. స్టేషన్ దగ్గర షాపులో పెట్టె చూశాను. దాని మీది బొమ్మలో నీలం ఆకాశం. షాపు కుర్రాడు, కావాలా సార్, ఆఖరిది అన్నాడు. ఉంచు, ఎవరికైనా పనికొస్తుంది అన్నాను.

అక్టోబర్ 28

కుగా ఫోన్. మీరు ఇంటర్నెట్ చూడరు కదా, చదువుతాను వినండి అంది. జనం ముక్కల్ని కిటికీ అద్దాలకి అంటించి ఫోటోలు పెడుతున్నారట. నాది ఆకుపచ్చ, నీది? నాదీ. నాదీ. ఒకడు, అందరి ముక్కలూ ఒకేలా ఎలా పాడవుతాయి రా అన్నాడట. ఒకడు, దుప్పటి తెల్లగానే ఉంది కదా, మీకు కళ్ళు లేవా అన్నాడట. ఒకావిడ డిస్క్ తిప్పి పంపిందట, ఆకాశం నీలంగా ఉంది, సరుకు పాడైంది అని. ఆవిడ బొమ్మల ఆయన భార్య అయితే బాగుండు.

హిబినో నాలుగుసార్లు ఫోన్ చేశాడు. ఎత్తలేదు. అయిదోసారి ఎత్తాను. సమితి అత్యవసరంగా కూర్చుందండీ అన్నాడు. మంచి నీళ్ళ సీసాలు పెట్టారా అన్నాను. జనం ఆకుపచ్చ డిస్క్ ఎప్పుడు వేస్తారని అడుగుతున్నారు, ఏం చెప్పమంటారు అన్నాడు. గొంతు తగ్గించి, నేను కూడా అడుగుతున్నాను అన్నాడు.

అక్టోబర్ 29

కుగా ఇంకొకటి చదివింది. అకితా నుంచి ఎవరో. వయసు తెలీదు, ఆడో మగో తెలీదు. ముక్కని దీపానికి పెట్టి చూసి, ఊహలో గంటన్నర సినిమాకీ ఆ రంగు వేసుకుని, ఆఖరి షాట్ ఒక్కటి మళ్ళీ చూశారట. ఇలా రాశారట.

అరె, వాళ్ళు ఇంటికొచ్చేశారు.

అంతే రాశారట.

కుగాని మళ్ళీ చదవమన్నాను. చదివింది. ఫోన్ పెట్టేసి నత్సుయె ఫోటో ముందు కూర్చున్నాను. చెప్పాను.

అక్టోబర్ 30

పొద్దున్నే కిటికీ తీశాను. ఆకాశం నీలంగా ఉంది. ఎవరు మార్చారో కనుక్కోవాలి.